పదహారు ఖాళీ గళ్ళు

మార్చి 3, సోమవారం

ఈ రోజు పదకొండు వచ్చింది. నమ్మలేక మళ్ళీ లెక్క వేశాను, పదకొండే. కుర్చీలోంచి లేచి, నీళ్ళు తాగి, కిటికీలోంచి వీధి చూసి, మనసులో ఏ ఆశా లేనిదానిలా నటిస్తూ వచ్చి మూడోసారి వేశాను. పదకొండే. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడకి చెబుదామనుకున్నాను గానీ ఆవిడ నిద్రపోతోంది.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. అక్క బఠాణీలు ఒలుస్తోంది.

"పదకొండేంటే?" అంది.

"కంపెనీల్లో పెద్ద కుర్చీల్లో కూర్చునేవాళ్ళు ఉంటారు కదా. వాళ్ళు సొంత డబ్బు పెట్టి తమ కంపెనీ షేర్లే కొనుక్కుంటే ఆ సంగతి బయటపెట్టాలి, రూలు. ఆ కాగితాలు చూసి నేను పట్టిక వేస్తున్నాను కదా. ఎవరు కొన్నారు, కొన్న రోజు ధరెంత, సరిగ్గా ఏడాదికి ధరెంత. ఐదేళ్ళవి, నూట యాభై కొనుగోళ్ళు. మార్కెట్ మొత్తం నూటికి పన్నెండు పెరిగితే, ఈ లోపలివాళ్ళు కొన్నవి సగటున ఇరవై మూడు పెరిగాయి. పదకొండు ఎక్కువ."

"ఇందులో వింతేముంది? వంటింట్లో ఏం మాడుతోందో వండేదానికి తెలియదా, వీధిలో పోయేవాడికి తెలుస్తుందా?"

"అదే అక్కా. అదే."

"దీనికి ఐదు నెలలు పట్టిందా నీకు?"

పట్టింది. నేను ఒక పని ఐదు నెలలు వదలకుండా చేశానని అక్క గమనించలేదు. ఇంట్లో నా పేరు సగం. సగం అల్లిన స్వెట్టరు, సగం నేర్చుకున్న ఈత, సగంలో మానేసిన చదువు, మాటల దాకా వచ్చి ఆగిపోయిన పెళ్ళి ఒకటి, ముప్ఫై ఆరేళ్ళకే ఐదు ఉద్యోగాలు. ఐదోది పోయాక పెట్టె సర్దుకుని అక్కా బావల ముందు గదిలోకి వచ్చి పడ్డాను. ఇది ఆరోది. ఈ పట్టిక నేను పూర్తి చేస్తున్న మొదటి వస్తువు.

పదహారు గళ్ళు మాత్రం ఖాళీగా ఉన్నాయి, ఏడాది తర్వాతి ధర దొరకలేదు. తీరిగ్గా చూడాలి.

మార్చి 4, మంగళవారం

పెద్దాయనకి చూపించాను. పెద్దాయన అంటే మా పత్రికకి యజమాని, సంపాదకుడు, పొద్దున్నే తాళం తీసే మనిషి, అన్నీ ఆయనే. చిన్న మదుపరుల కోసం వారానికి ఎనిమిది పేజీలు తెస్తారు. ఒకప్పుడు తొమ్మిది వేల మంది చందాదారులట. ఇప్పుడు ఎనిమిది వందలు, అందులో ఎంతమంది బతికున్నారో తెలియదని ఆయనే అంటారు.

ముందు పెదవి విరిచారు. "కాకిపిల్ల కాకికి ముద్దు. సొంత కంపెనీ ఎవడికి చేదు?" అన్నారు.

"ముద్దు కోసం సొంత డబ్బు పెడతారా సార్?"

అప్పుడు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. అరగంట చూశారు. వేలు వరస వెంట జరుపుకుంటూ చూశారు. నాకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంది.

"అమ్మాయ్, ఈ పత్రికకి ఇంకో మూడు నెలల ఊపిరి ఉంది. నేనెవరికీ చెప్పలేదు," అన్నారు. "ఏప్రిల్ మొదటి వారం ప్రత్యేక సంచిక వేద్దాం. మొదటి పేజీ అంతా నీ పట్టికే. పైన నీ పేరు. ఇది పారితే పత్రిక నిలబడుతుంది, నీకు కిటికీ పక్క బల్ల."

కిటికీ పక్క బల్ల ఇప్పుడు పాత సంచికల కట్టలతో నిండి ఉంది. పోతూ పోతూ ఆ కట్టల మీద దుమ్ము తుడిచాను.

మార్చి 5

పదకొండు.

మార్చి 7, శుక్రవారం

నాకు పిచ్చి పట్టింది, చాలా హాయి పిచ్చి. ఎవర్ని చూసినా ఒకటే ప్రశ్న, తన సరుకు తను కొనుక్కుంటాడా అని.

మొదటి దొంగ ఇంట్లోనే దొరికాడు. బావది పరుపుల కొట్టు. వచ్చినవాళ్ళని పరుపు మీద పడుకోబెట్టి, "మబ్బు మీద పడుకున్నట్టు లేదూ?" అని అడుగుతాడు. అదే బావ ఇంట్లో నేల మీద చాప వేసుకుని పడుకుంటాడు. నేను ఇక్కడికి వచ్చి ఏడాది దాటింది, రోజూ ఆ చాప దాటుకునే వెళ్తున్నాను, ఇప్పటి దాకా అనుమానం రాలేదు.

"బావా, మీ పరుపు మీద మీరెందుకు పడుకోరు?"

"నడుం నొప్పి."

"మీ కొట్టు మీద బోర్డేంటి, నడుం నొప్పికి మా పరుపే మందు అని కదా?"

బావ చాప చుట్టి చంకలో పెట్టుకుని, "మరదలా, ఇంటి గుట్టు లంకకి చేటు," అని వసారాలోకి వెళ్ళిపోయాడు. అక్క నవ్వి నవ్వి కూర్చుండిపోయింది.

ఒక కాగితం మీద గళ్ళు గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. ఎవరు, ఏం అమ్ముతారు, తను కొంటారా. మొదటి వరస: బావ, పరుపులు, లేదు.

మార్చి 10, సోమవారం

వీధి పట్టిక నిండుతోంది. మా ఆఫీసు కింద క్యాంటీన్ వంటమనిషి మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పి తింటాడు. లేదు. మూల మీద దర్జీ తొడుక్కునేది రెడీమేడ్ చొక్కా, మెడ దగ్గర కంపెనీ చీటీ కూడా కనిపిస్తోంది. లేదు. తాళాలు బాగుచేసే ముసలాయన్ని అడిగితే, "మా ఇంటికి తాళం ఎందుకమ్మా, పోవడానికేముంది?" అన్నాడు. లేదు. లిఫ్టు మెకానిక్ మెట్లెక్కి వచ్చాడు, కానీ లిఫ్టు చెడిపోయింది కాబట్టే వచ్చాడు, కనుక వదిలేశాను. అక్క పనిచేసేది ఆసుపత్రిలో. పోయిన నెల జ్వరం వస్తే వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రాస్తానంటే గరిటె చూపించింది. రాశాను.

ఔను అన్నది ఒక్కటే. క్షవరశాల అన్నదమ్ములు. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూశాక ఒకరికొకరు చేసుకుంటారట. చూడడానికి ఇద్దరి తలలూ బాగున్నాయి. ఆ కొట్టు ముందు ఎప్పుడూ నలుగురు వేచి ఉంటారు. నా సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

నేల మీద కాళ్ళు ఆనడం లేదు. మెట్లు రెండేసి దిగుతున్నాను.

మార్చి 12

ఖాళీ గళ్ళ సంగతి రేపు.

మార్చి 14, శుక్రవారం

పెద్దాయన పోస్టరు వేయించారు. కుర్చీ అంత ఎత్తు అంకెలతో 11. కింద చిన్నగా: లోపలివాళ్ళు కొంటే మీరెందుకు ఆగాలి? గోడకి ఆనించి దూరం నుంచి చూశాం, దగ్గర నుంచి చూశాం. ఆయన లోపలికెళ్ళి ఫోన్లో ఎవరితోనో ప్రెస్ బాకీ గురించి మాట్లాడుతూ నవ్వడం వినిపించింది. ఈ ఆఫీసులో ఆయన నవ్వు వినడం ఇదే మొదలు.

"గళ్ళన్నీ నిండాయా అమ్మాయ్?" అని అడిగారు వెళ్తూ వెళ్తూ.

"దాదాపు సార్," అన్నాను.

దాదాపు అనేది అబద్ధం కాదు. నూట యాభైలో నూట ముప్ఫై నాలుగు.

మార్చి 16, ఆదివారం

ఈ రోజంతా ప్రత్యేక సంచికకి మొదటి వాక్యం రాశాను. పదిహేడు మొదటి వాక్యాలు. అన్నీ బాగున్నాయి. రెండో వాక్యం ఒక్కటీ లేదు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత గుర్తొచ్చింది. కొత్త బల్ల మీద ఏమేం పెట్టుకోవాలో ఆలోచిస్తూ పడుకున్నాను. చిన్న మొక్క ఒకటి. పెన్నుల డబ్బా. అక్క ఫోటో వద్దు, అజమాయిషీ చేస్తున్నట్టు ఉంటుంది.

మార్చి 18, మంగళవారం

పొద్దున పాల కోసం ఫ్రిజ్ తీయబోతే వీధి పట్టికలో కొత్త వరస. పెన్సిల్‌తో, బావ చేతిరాత.

మరదలు. లోపలివాళ్ళ పట్టిక. తను కొంటుందా?

చివరి గడి ఖాళీ. బావ చాప మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు, అసలు ఏమీ ఎరగనట్టు.

"ఇదేంటి బావా?"

"అడుగుతున్నాను. నూటికి పదకొండు ఎక్కువ వస్తుందని ఇల్లంతా గంతులేస్తున్నావు కదా. నువ్వెంత పెట్టావు?"

"నాకు జీతమే అంతంత మాత్రం."

"అంతంత మాత్రంలోనే ఒక్క షేరు. ఒక్కటి కొన్నావా?"

"సంచిక రాకుండా కొంటే బాగుండదు."

"సరే, వచ్చాక కొంటావా?"

ఆఫీసుకి ఆలస్యమైందన్నాను. కాలేదు. బస్టాపులో ఇరవై నిమిషాలు నించున్నాను.

ఎందుకు కొనలేదు? జీతం తక్కువ. సంచిక రాలేదు. నాకు షేర్ల ఖాతా లేదు. పత్రికవాళ్ళు కొనడం మర్యాద కాదు. ఇప్పుడు మార్కెట్ ఎక్కువలో ఉంది. ఇప్పుడు చదివితే తెలుస్తోంది, నిజం కారణానికి ఒకటి చాలు, ఐదు రాశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

మార్చి 19

బావతో మాట్లాడలేదు. బావ గమనించలేదు, అది ఇంకా కోపం.

మార్చి 21, శుక్రవారం

ఖాళీ గళ్ళ లెక్క తెరిచాను.

పదహారు ఖాళీల్లో ఐదేమో మూడు వేరే కంపెనీలవి. మిగతా పదకొండూ ఒకే మనిషివి. కుళాయిలు చేసే కంపెనీ, దాని అధిపతి ఆయనే. ప్రతి నెలా ఐదో తేదీన కొన్నాడు. ఒకసారి కాదు, పదకొండు నెలలు వరసగా. ధర ప్రతి నెలా తగ్గుతూ ఉంది, ఆయన ప్రతి నెలా కొంటూనే ఉన్నాడు. పన్నెండో నెలలో ఏమీ లేదు. ఏడాది తర్వాతి ధర నాకెందుకు దొరకలేదో అప్పుడు తెలిసింది. పన్నెండో నెలలో కంపెనీ మూతపడింది. మిగతా మూడూ అంతే.

సగటుకి ఖాళీ గడి కనిపించదు. దాని మీదుగా దాటుకుని పోతుంది, బావ చాప మీదుగా నేను పోయినట్టు.

అయితే ధరే లేనిదాన్ని ఎలా కలుపుతాం? దొరకలేదు. దొరకనిది రాయకూడదు. ఇది న్యాయమే. అందరూ ఇలాగే చేస్తారు. అందరూ ఇలాగే చేస్తారనే అనుకుంటున్నాను.

మార్చి 22

పదకొండు.

మార్చి 23

పదకొండు అని నిన్న ఎందుకు రాశానో తెలియదు.

మార్చి 24, సోమవారం

పోయిన వారం పాత చందాదారులు ఏడు వందల మందికి ప్రత్యేక సంచిక గురించి ముందస్తు ఉత్తరాలు వెళ్ళాయి. కొత్తగా నూట ఎనభై చందాలు వచ్చాయట. పెద్దాయన కిటికీ పక్క బల్ల మీది కట్టలు స్వయంగా ఎత్తి కింద పెడుతుంటే సాయం పట్టాను. బల్ల అడుగున చిన్న సొరుగు కూడా ఉంది, తాళంతో. ఎంత ముద్దుగా ఉందో.

కుళాయిల ఆయన ఫోన్ నంబరు పాత కాగితాల్లో దొరికింది. నేను వెతకలేదు, దొరికింది. సరే, వెతికాను.

మార్చి 26, బుధవారం

ఫోన్ చేశాను. తిడతాడనుకున్నాను. "పత్రిక నుంచా? నా గురించా? శనివారం రండమ్మా, ఆ రోజు నాకు సెలవు," అన్నాడు. పెళ్ళిచూపులకి పిలిచినంత సంబరంగా అన్నాడు.

మార్చి 29, శనివారం

ఇది పూర్తిగా రాయాలి.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన మనిషి పొట్టిగా, గుండ్రంగా, చొక్కా జేబులో చిన్న రెంచీతో ఉన్నాడు. ఇప్పుడు ఒక ఇనుప సామాన్ల దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుంటాడట. కారే కుళాయి పట్టుకుని వచ్చినవాళ్ళకి ఏది మార్చాలో చెప్పే పని. వెయ్యి మందికి జీతాలిచ్చిన మనిషి. చెబుతున్నప్పుడు ముఖంలో ఏ చీకటీ లేదు.

టీ పెట్టి ఇచ్చాక అడిగాను. "అప్పుడు కొన్నారు కదా, పదకొండు నెలలు. కంపెనీ కోలుకుంటుందని మీకు తెలుసా?"

"కోలుకోదని తెలుసు. మునిగేది నాకంటే ముందు ఎవరికి తెలుస్తుందమ్మా?"

నేను టీ కప్పు కింద పెట్టాను.

"తెలిసీ కొన్నారా?"

"ఐదో తేదీ జీతాల రోజు. ఆ రోజు నేను కొనేవాణ్ణి. ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటించేవాళ్ళు. కుళాయిలు పోత పోసే పనివాళ్ళు అది చూసి, యజమానే కొంటున్నాడు కదా, ఇంకో నెల చూద్దాం అనుకుని ఉండిపోయేవాళ్ళు. వాళ్ళు పోతే మళ్ళీ దొరకరమ్మా. ఈలోగా పెద్ద ఆర్డరు ఒకటి తెద్దామని తిరిగాను. రాలేదు."

"అది..." అన్నాను. మంచి పనా, చెడ్డ పనా అని అడగాలని ఉంది.

ఆయనే చెప్పాడు. "ముగ్గురు నన్ను చూసి వాళ్ళ డబ్బు కూడా పెట్టారు. పెట్టమని నేను అనలేదు. అనక్కర్లేదు కదా, కాగితం బోర్డు మీదుంది. తర్వాత ముగ్గురిళ్ళకీ వెళ్ళాను. ఇద్దరు కూర్చోమన్నారు. ఒకాయన తలుపు తీయలేదు. ప్రతి నెలా ఐదో తేదీకి వెళ్తున్నాను, ఎప్పుడో ఒకప్పుడు తీస్తాడు."

నాకు పోస్టరు గుర్తొచ్చింది. కుర్చీ అంత ఎత్తు అంకెలు. మీరెందుకు ఆగాలి.

చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి తిప్పాను, మూశాను. చుక్క పడలేదు. మళ్ళీ తిప్పాను, మళ్ళీ మూశాను. వెనక ఆయన గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు, బిడ్డ పద్యం చెబుతుంటే చూసే తండ్రిలాగా.

"మీదేనా?"

"మాదే. పద్నాలుగేళ్ళయింది. వేరేవి కారతాయమ్మా."

నా ఫ్రిజ్ మీది పట్టికలో రెండో ఔను. సొంత సరుకు ఇంత గట్టిగా కొన్నవాళ్ళు లేరు, ఆయనకే అన్నిటికంటే ఎక్కువ పోయింది. నా సిద్ధాంతం ఆ వంటింట్లోనే, ఆ కారని కుళాయి కిందే కొట్టుకుపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆయన ఎందుకని అడగలేదు, తనూ నవ్వాడు.

వచ్చేముందు ఆయన అడిగాడు. "ఇంతకీ మీ పట్టికలో నావి ఎలా ఉన్నాయి?"

"ఖాళీగా ఉన్నాయి. ధర దొరకలేదు."

"దొరకకపోవడమేంటి? సున్నా. సున్నా అని వేయండి." మొదటిసారి గొంతు కాస్త గట్టిపడింది. "ఖాళీ వదిలేస్తే అసలు నేను పెట్టనట్టు ఉంటుంది కదమ్మా. నేను పెట్టాను."

మార్చి 30, ఆదివారం

సున్నాలు వేశాను. ఒక్కొక్కటిగా. వేసిన ప్రతిసారీ అడుగున అంకె దానంతటదే మారుతుంటే చూశాను. నాలుగో సున్నాకి పదకొండు కాస్తా ఏడైంది. ఎనిమిదో దానికి నాలుగు. కుళాయిల ఆయన పదకొండూ వేసేసరికి ఒకటిన్నర మిగిలింది. పదకొండుని పదకొండు మింగేసింది. పదమూడో సున్నాకి మార్కెట్టూ మేమూ సరిసమానం. అక్కడ ఆగాలనిపించింది. నిజంగా అనిపించింది, ఆగి మంచినీళ్ళు తాగాను.

పదహారో సున్నాకి రెండు తక్కువ.

ఐదు నెలలు కష్టపడి, నూట యాభై వరసలు వేసి, లోపలివాళ్ళు కొన్నదే కొంటే మార్కెట్ కంటే రెండు తక్కువ వస్తుందని కనిపెట్టాను. ఇంత చక్కని ఫలితం కోసం గుడ్డిగా చీటీ తీసినా సరిపోయేది. ఏడవాలి. కానీ లోపల ఎక్కడో గంతులేస్తున్నట్టుంది, ఆపుకోలేకపోతున్నాను. పట్టికలో పైనుంచి కింద దాకా ఒక్క ఖాళీ లేదు.

వంటింట్లోకి పరిగెత్తాను. "అక్కా, పూర్తయింది."

"ఏది?"

"పట్టిక. మొత్తం. ఒక్క గడి మిగల్లేదు."

అక్క తడి చేతులు తుడుచుకోకుండానే నా చెంపలు పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. "సగం పిల్లా," అంది. తర్వాత చెప్పాను, పదకొండు లేదని, రెండు తక్కువని, పత్రిక మూతపడొచ్చని, ఆరో ఉద్యోగం కూడా పోవచ్చని.

"పోతే పోనీ," అంది. "ముందు గది అక్కడే ఉంటుంది."

భయంగా ఉంది. కిటికీ పక్క బల్ల కావాలి నాకు. ఆ సొరుగు కావాలి. ఇది రాసుకోకపోతే అబద్ధమవుతుంది.

మార్చి 31, సోమవారం

పెద్దాయన రాలేదు. ప్రెస్సుకి వెళ్ళారట. రోజంతా పోస్టరు ఎదురుగా కూర్చున్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం

తలుపు వేసి చెప్పాను. ఈ రోజు తేదీ చూసి తమాషా చేస్తున్నాననుకున్నారు. కుళాయిల ఆయన వరసలు చూపించాక కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఖాళీలు ఖాళీగా ఉంచితే తప్పేంటి?" అన్నారు. "ధర లేదు. లేనిది లేదనే కదా అంటున్నాం."

"నేనూ మొన్నటిదాకా అదే అనుకున్నాను సార్."

"ఇంకెవరికి తెలుసు?"

"మా అక్కకి. కుళాయిల ఆయనకి."

"అంటే ఎవరికీ తెలియదు."

నేను ఆ ముగ్గురి సంగతి చెప్పాను. బోర్డు మీది కాగితం చూసి డబ్బు పెట్టిన ముగ్గురు. ప్రతి ఐదో తేదీకి మూసి ఉండే తలుపు. "మన దాదాపు వెయ్యి మంది చందాదారుల్లో ఎన్ని తలుపులు కొట్టాల్సి వస్తుంది సార్?" అన్నాను. మాట సగంలో ఆపలేదు.

ఆయన కిటికీ వైపు తిరిగారు. "పదకొండు అని చెప్పే పత్రికని జనం కొంటారు అమ్మాయ్. రెండు తక్కువ, ఊరికే కూర్చోండి అని చెప్పే పత్రికని ఎవరు కొంటారు? నువ్వైతే కొంటావా?"

ఇది పెద్ద ప్రశ్నేం కాదు, విసుగుతో అన్న మాట. కానీ ఫ్రిజ్ మీద ఇదే ప్రశ్న రెండు వారాలుగా ఖాళీ గడితో నన్ను చూస్తోంది.

"కొంటాను," అన్నాను. సంచీ తీసి ఏడాది చందా బల్ల మీద పెట్టాను. ఈ నెల బస్సు డబ్బులు కూడా అందులోనే ఉన్నాయి.

"పిచ్చిపిల్లా, నీకు ఉచితం కదా."

"ఉచితంగా చదివితే లెక్కలోకి రాను సార్. లోపలిదాన్ని."

పెద్దాయన ఆ డబ్బు వైపు చూశారు. నా వైపు చూశారు. తర్వాత వింత పని చేశారు. చందా పుస్తకం తీసి, పెన్ను విదిలించి, రసీదు రాయడం మొదలుపెట్టారు. సగం రాసి ఆగి, "ఇరవై రెండేళ్ళు. నేనెప్పుడూ చందా కట్టలేదు," అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు. జేబు తడిమి డబ్బు తీసి, తన పేరు మీద రెండో రసీదు కూడా రాశారు.

మేమిద్దరం కలిసి పోస్టరు గోడకేసి తిప్పి పెట్టాం.

ఏప్రిల్ 4, శుక్రవారం

సంచిక వచ్చింది. మొదటి పేజీ మీద పోస్టరులోని ఆ పెద్ద అంకె లేదు. కుళాయిల ఆయన పదకొండు వరసలు, పదకొండు సున్నాలు, ఆయన చెప్పింది చెప్పినట్టు. పైన నా పేరు. ఒక్క అక్షరం తప్పు పోలేదు, మూడుసార్లు చూశాను.

సాయంత్రానికి డెబ్భై మంది చందా వద్దన్నారు. ఇద్దరు ఫోన్ చేసి తిట్టారు. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, తన దగ్గరా ఇలాంటి ఖాళీలు మూడున్నాయని, ఎవరికీ చెప్పుకోలేదని అరగంట మాట్లాడింది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే విన్నాను. పెద్దాయన కూర్చోమన్నారు. "మూడు నెలలైనా కూర్చో," అన్నారు. సొరుగు తాళం ఎక్కడుందో ఆయనకే గుర్తులేదు.

కుళాయిల ఆయనకి ఒక ప్రతి పంపాను. రేపు ఐదో తేదీ. ఆ తలుపు దగ్గరికి అది పట్టుకెళ్తానని ఫోన్లో చెప్పాడు.

రాత్రి భోజనాల దగ్గర బావ ప్రకటించాడు, ఈ రోజు నుంచి తన పరుపు మీదే పడుకుంటానని. కొట్టు నుంచి ఒకటి మోయించుకొచ్చాడు కూడా. ఫ్రిజ్ మీద తన వరసలో లేదు కొట్టేసి ఔను అని రాసుకున్నాడు, నా వరసలో కూడా రాశాడు, నన్నడగకుండానే. చందా సంగతి అక్క చెప్పేసి ఉంటుంది.

ఏప్రిల్ 5, శనివారం

బావకి నడుం పట్టేసింది. అక్క కాపడం పెడుతోంది. పెన్సిల్ ఇమ్మని మూలుగుతున్నాడు, ఇవ్వలేదు.

పొద్దున్నే కూర్చుని పట్టికలో నూట యాభై ఒకటో వరస వేశాను. కంపెనీ: మా పత్రిక. కొన్నవారు: పట్టిక వేసే అమ్మాయి. ఎన్ని: ఒకటి. కొన్న తేదీ: ఏప్రిల్ ఒకటి. ధర: ఏడాది చందా.

ఏడాది తర్వాత ధర అన్న గడి దగ్గర ఆగాను. దాన్ని ఖాళీగా వదిలేశాను. వదిలేయాల్సిన ఖాళీ ఇదొక్కటే.